తిరిగి వస్తానన్న ప్రమాణం

మా రహమత్ నగర్‌లో ఒక మిత్రుడి ఇంటి మేడమీద నెలకొక ఆదివారం మేం కొందరం కలుసుకుంటాం. ఎవరో ఒకరు కథో, కవితో చదువుతారు. మిగిలినవాళ్లం చర్చిస్తాం. వీధిలోని వాళ్లు కూడా పని లేకపోతే వచ్చి కూర్చుంటారు. ఆ మధ్య ఒక యువ రచయిత అమెరికా వెళ్లిన కొడుకు మీద కథ చదివాడు. తల్లి చనిపోతుంది. కొడుకు రాడు, డబ్బు పంపుతాడు. తండ్రి ఆ డబ్బు తిప్పి పంపేస్తాడు. కథ నడక బాగుంది. డాలరు వ్యామోహం మానవ సంబంధాలను ఎలా ధ్వంసం చేస్తున్నదో చక్కగా చిత్రించావని అందరం మెచ్చుకున్నాం. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నవాణ్ని నేనే.

అప్పుడు మూల కూర్చున్న ఒకాయన లేచాడు. సినిమా షూటింగుల్లో లైట్లు మోసి బిగించే పని ఆయనది. పాలమూరు వైపు నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లుగా మా వీధిలోనే ఉంటున్నాడు. ఆయన భార్య 2024 ఫిబ్రవరిలో పోయింది. అమెరికాలో ఉన్న పెద్దకొడుకు రాలేదు. చిన్నవాడు తలకొరివి పెట్టాడు.

"కథ మంచిగుంది సార్. మావోడు గూడ గట్లనే రాలేదని అందరు అనుకుంటున్రు. వాడు తల్లిని మరువలే సార్. వస్తే మళ్ల పోనిస్తరో లేదో తెల్వదాయె. పోనియ్యకపోతే అప్పెవరు కడ్తరు?" అని అడిగి కూర్చున్నాడు.

ఆ ప్రశ్నకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ అమ్మ పోయిన రోజున "ఎంత చదివితే ఏం లాభం!" అని వీధిలో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకుముందు ఒక సంకలనానికి రాసిన సమీక్షలో విదేశాలకు వెళ్లే విద్యార్థులను "మాతృభూమిని డాలర్లకు తాకట్టు పెట్టినవారు" అని తీర్పు చెప్పాను. ఆ తీర్పు చెప్పేముందు వాళ్లు అక్కడ ఏ చట్టం కింద, ఏ ఆర్థిక సంబంధాల మధ్య ఉంటున్నారో నేను తెలుసుకోలేదు. ఒక రైతు కథను విమర్శించేటప్పుడు కౌలు ఎంత, వడ్డీ ఎంత, ధర ఎవరు నిర్ణయించారు అని అడిగే మనం, ఈ కథల దగ్గరికి వచ్చేసరికి కేవలం మమకారాన్నే ఎందుకు కొలుస్తున్నాం? ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నం. ఒక తెలుగు విద్యార్థి అమెరికాలో స్థిరనివాసి కావడమంటే ఏమిటి, మధ్యలో అడ్డుపడేవి ఏమిటి అన్నది రచయితలకు, సాహిత్య విద్యార్థులకు వీలైనంత విడమరిచి చెప్పడమే దీని ఉద్దేశం.

మన ఇంటి సంగతి

స్థిరనివాసం అనే మాట హైదరాబాదుకు కొత్తది కాదు. మా రహమత్ నగర్ చూడండి. ఒకవైపు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మరోవైపు బోరబండ, కొంచెం ఎత్తున జూబ్లీహిల్స్ బంగళాలు. పక్కనే ఉన్న పేటకు కార్మిక నగర్ అనే పేరుంది. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలివచ్చాక దాని వెలుగు ఫిల్మ్ నగర్‌లో ఉంటే, దాని శ్రమ ఈ బస్తీల్లో ఉంది. రాళ్ల గుట్టలమీద గుడిసె వేసుకున్న మనిషి మొదట ఆక్రమణదారు. తర్వాత కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరు ఒక్కొక్కటే సంపాదించుకుని నివాసి అవుతాడు. ప్రభుత్వ భూముల్లో ఉన్న ఇళ్ల క్రమబద్ధీకరణ కోసం తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరు 30న జీవో 58, 59 విడుదల చేసింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి 125 గజాల దాకా ఉచితమన్నది మొదటి జీవో. దానికి కూడా ఒక గడువు తేదీ ఉంది. అప్పట్లో 2014 జూన్ 2కు ముందు నుంచి ఉన్నట్టు రుజువు చూపాలన్నారు. అంటే ఒకచోట ఏళ్ల తరబడి బతికినంత మాత్రాన నివాసం కాదు, కాగితం చెప్పినప్పుడే నివాసం. ఈ సంగతి బస్తీ మనిషికి ఎవరూ బోధించనక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళితే ముల్కీ నిబంధనలున్నాయి. నిజాం ప్రభుత్వం 1919లో చేసిన ఆ నిబంధనల ప్రకారం, బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. అంతేకాదు, పాత చోటికి తిరిగి వెళ్లే ఉద్దేశం వదులుకున్నానని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం ఇవ్వాలి. 1952లోనూ, 1969లోనూ ఈ నగరం వీధుల్లోకి వచ్చింది ఈ ప్రశ్నమీదే. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నది. ఆరు సూత్రాల పథకం తర్వాత 1973 చివర వాటిని రద్దు చేశారు. ఉద్యోగాలమీద స్థానికుల హక్కు న్యాయమైనదా కాదా అన్న చర్చ ఇక్కడ నా విషయం కాదు. ఒక్క మాట గుర్తుంచుకోమంటాను. హైదరాబాదు రాజ్యం వలస వచ్చినవాణ్ని అడిగింది "తిరిగి వెళ్లను" అన్న ప్రమాణం. అమెరికా ప్రభుత్వం మన విద్యార్థిని అడిగేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన ప్రమాణం.

మొదటి మెట్టు: వెళ్లిపోతానని ఒప్పించడం

విద్యార్థికి ఇచ్చే ఎఫ్-1 వీసా తాత్కాలిక వీసా. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం ప్రతి దరఖాస్తుదారూ స్థిరపడటానికే వస్తున్నాడని ముందుగా అనుమానించాలి. కాదని రుజువు చేసుకోవలసిన భారం దరఖాస్తుదారుమీద ఉంటుంది. హైదరాబాదులో అమెరికన్ కాన్సులేట్ మొదట బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అక్కడి కిటికీ ముందు ఇరవై రెండేళ్ల పిల్లవాడు రెండు మూడు నిమిషాల్లో "చదువు అయిపోగానే వచ్చేస్తాను" అని అధికారిని నమ్మించాలి. ఇంటి దగ్గర తీసుకున్న అప్పేమో అక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేస్తేనే తీరుతుంది. ఆ సంగతి పిల్లవాడికి తెలుసు, తండ్రికి తెలుసు, అప్పిచ్చినవాడికీ తెలుసు. అధికారికి తెలియదని అనుకోలేం. చిలుకూరు బాలాజీ గుడికి వీసా దేవుడన్న పేరు రావడం, వెళ్లేముందు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేయడం మూఢనమ్మకమని నవ్వి ఊరుకుంటే చాలదు. ఏ నియమంతో ఫలితం వస్తుందో మనిషికి అంతుపట్టనప్పుడు ప్రదక్షిణ మొదలవుతుంది. కరువు సీమలో వానదేవుడి వెనక ఉన్న భౌతిక కారణమే వీసా దేవుడి వెనకా ఉంది.

మా వీధి కుర్రవాడు 2018 ఆగస్టులో వెళ్లాడు. ఊళ్లోని రెండెకరాలు బ్యాంకుకు తనఖా పెట్టారు. చాలనిది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. చదువుకునే రోజుల్లో విద్యార్థి వారానికి 20 గంటలకు మించి, అదీ విశ్వవిద్యాలయం ఆవరణ దాటి, పని చేయకూడదు. కాబట్టి అప్పు మొదటి రెండేళ్లూ పెరగడమే తప్ప తరగదు.

రెండో మెట్టు: గడియారం, చీటీ

చదువు ముగిసిన తర్వాత ఓపీటీ అనే పేరుతో 12 నెలలు పని చేయనిస్తారు. సైన్సు, ఇంజనీరింగు, గణితం చదివినవారికి మరో 24 నెలలు పొడిగిస్తారు. 2008లో 17 నెలలుగా మొదలైన ఈ పొడిగింపు 2016 నుంచి 24 నెలలైంది. తెలుగు పిల్లలు దాదాపు అందరూ ఆ చదువులే ఎందుకు ఎంచుకుంటున్నారో ఈ అంకె చెబుతుంది. చరిత్రో, సాహిత్యమో చదివితే 12 నెలలతో సరి. ఈ కాలంలో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులను లెక్కపెడతారు. మొదటి ఏడాదిలో 90 రోజులు దాటితే హోదా పోతుంది. పొడిగింపు దొరికితే మొత్తం 150 రోజులు. 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. అందులో 97,556 మంది ఈ ఓపీటీలో ఉన్నవారే.

ఆ గడియారం ఆగేలోగా హెచ్-1బి అనే ఉద్యోగ వీసా రావాలి. 1990 చట్టం దీనికి ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. 2004లో చేసిన చట్టం అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 కలిపింది. మొత్తం 85,000. 2023 మార్చిలో వీటికోసం వచ్చిన నమోదులు 7,80,884. ఒకే మనిషి పేరుమీద రెండు మూడు సంస్థలు నమోదు చేయడం కూడా అందులో ఉంది. అందుకే మరుసటి ఏడాది నుంచి మనిషికి ఒకే అవకాశమన్నారు. ఏమైనా ఎంపిక చీటీల పద్ధతే. నాలుగేళ్ల ఇంజనీరింగు, రెండేళ్ల మాస్టర్స్, రెండేళ్ల పని అనుభవం చివరికి ఒక చీటీ మీద ఆధారపడతాయి. మా కుర్రవాడి పేరు 2021లో రాలేదు. 2022లో రాలేదు. పొడిగింపు ముగిసే ఏడాది, 2023లో, వచ్చింది.

2025లో ఈ మెట్టు ఇంకా నిటారైంది. సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్షుడి ప్రకటన, దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుమీద లక్ష డాలర్లు కట్టాలన్నది. అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. డిసెంబరులో, ఎక్కువ జీతపు స్థాయి ఉన్నవారి పేర్లు ఎక్కువసార్లు లెక్కకు వచ్చేలా చీటీల పద్ధతిని మార్చే నియమం ప్రకటించారు. కొత్తగా చదువు ముగించినవాడి జీతం సహజంగానే అడుగు స్థాయిలో ఉంటుంది. దెబ్బ ఎవరికో చెప్పనక్కర్లేదు.

ఈ ఇరుకులో నుంచే మోసం పుడుతుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంమీద దాడులు జరిగినప్పుడు బయటపడ్డ విద్యార్థుల్లో అత్యధికులు మనవాళ్లే, అందులో తెలుగువాళ్లే ఎక్కువ. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు బిగించారు. డబ్బు పుచ్చుకుని హోదా అమ్మిన ఆ సంస్థ యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కథ ఇంకో రకం. మిషిగన్ రాష్ట్రంలోని ఆ సంస్థను నడిపింది వలస నియంత్రణ అధికారులే, వలగా. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలిసి చేరినవారు లేరని నేను అనడం లేదు. చీటీ రాని మనిషికి హోదా నిలుపుకోవడానికి మరో చదువులో పేరు రాయించుకోవడం తప్ప దారిలేని చోట, పేరు మాత్రమే అమ్మే దుకాణం తెరుచుకోవడం ఆశ్చర్యం కాదని అంటున్నాను. వ్యక్తి నీతిని గురించి రాసే రచయిత ఆ దుకాణం వెలిసిన వీధిని కూడా చూపించాలి.

తల్లి పోయిన రోజు

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు రావచ్చు. ఉద్యోగ వీసా వచ్చింది కదా, 2024 ఫిబ్రవరిలో కొడుకు ఎందుకు రాలేదు?

ఇక్కడ సామాన్యంగా ఎవరికీ తెలియని ఒక తేడా ఉంది. దేశంలో ఉండే హోదా వేరు, దేశంలోకి ప్రవేశించడానికి పాస్‌పోర్టులో ఉండవలసిన ముద్ర వేరు. అతని హోదా 2023 అక్టోబరు 1న అక్కడే కాగితాలమీద మారింది. పాస్‌పోర్టులో ఉన్నది మాత్రం అయిదేళ్లనాటి విద్యార్థి ముద్ర, దాని గడువు కూడా తీరిపోయింది. ఇంటికి వస్తే మళ్లీ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి కొత్త ముద్ర వేయించుకోవాలి. ఆ తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. దొరికినా, అదనపు పరిశీలన అని పక్కన పెడితే ఎన్ని వారాలో, నెలలో తెలియదు. అంతకాలం సంస్థ ఉద్యోగం నిలిపి ఉంచుతుందన్న హామీ లేదు. ఈ భయం ఊహ కాదనడానికి 2025 డిసెంబరు సాక్ష్యం. సామాజిక మాధ్యమాల పరిశీలన కొత్తగా పెట్టడంతో భారతదేశంలో అప్పటికే ఇచ్చిన తేదీలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. చుట్టపుచూపుగా ఇంటికి వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుపడ్డారు.

ఆ రోజు శ్మశానంలో చిన్నకొడుకు చేతిలో కుండ ఉంటే, పక్కింటి అబ్బాయి చేతిలో ఫోను ఉంది. అందులో పెద్దకొడుకు ముఖం ఉంది. మేం దాన్ని చూసి తలలు తిప్పుకున్నాం. రావడానికి విమానం టిక్కెట్టు చాలు. తిరిగి పోవడానికి టిక్కెట్టు చాలదన్నది మాకు తెలియదు.

మూడో మెట్టు: యజమాని చేతిలోని కాగితం

హెచ్-1బి వచ్చినా స్థిరనివాసం రాలేదు. అది మొదట మూడేళ్లు, తర్వాత మరో మూడేళ్లు. గ్రీన్ కార్డు దరఖాస్తును మామూలు ఉద్యోగి తన పేరుతో తాను వేసుకోలేడు. అతని యజమాని వేయాలి. ముందుగా ఆ ఉద్యోగానికి ప్రకటన ఇచ్చి, అర్హుడైన అమెరికన్ కార్మికుడు దొరకలేదని కార్మిక శాఖకు చూపాలి. దాన్ని పెర్మ్ అంటారు. దాని తర్వాత ఐ-140 అనే అర్జీ. మొదటి కాగితం దాఖలైన తేదీయే వరుసలో మనిషి స్థానం. ఈ పని యజమాని ఎప్పుడు మొదలుపెడతాడో, అసలు పెడతాడో లేదో అతని ఇష్టం. ఉద్యోగి గొంతెత్తడానికి, జీతం పెంచమనడానికి, సెలవు అడగడానికి ఎందుకు వెనకాడతాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఉద్యోగం పోతే చట్టం ఇచ్చే వ్యవధి 60 రోజులు. 2017లో వచ్చిన నియమం అది. ఆలోగా ఇంకో యజమాని దొరకాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా ఇల్లు, సామాను, పిల్లల బడి వదిలి బయల్దేరాలి.

పాలమూరు కూలీల గురించి రాసిన రచయితలకు గుంపు మేస్త్రీ ఎవరో తెలుసు. ముందుగా డబ్బిచ్చి మనిషిని తీసుకుపోతాడు. పని ఎవరిదో, ఎక్కడో తనే చూస్తాడు. కూలీకి, కట్టించేవాడికి మధ్య తాను నిలబడి కొంత మిగుల్చుకుంటాడు. అమెరికాలో చాలామంది తెలుగు పిల్లలు చేరే కన్సల్టెన్సీ అనే వ్యవస్థలో మేస్త్రీని పోల్చుకోవడం కష్టం కాదు. పని ఒక పెద్ద సంస్థలో, కాగితం ఇంకొకరి చేతిలో, రాబడిలో వాటా మధ్యవారికి. పని దొరికేదాకా జీతం లేకుండా కూర్చోబెట్టడాన్ని "బెంచి" అంటారు. హెచ్-1బి మనిషిని అలా కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం. కాని తన కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్లమీదే ఫిర్యాదు చేయగల మనిషి అరుదు. మేస్త్రీ కూడా చాలాసార్లు తెలుగువాడే కావడం, అతను కూడా ఒకప్పుడు ఇదే వరుసలో నిలబడి ఉండడం ఇందులోని విషాదం.

నాలుగో మెట్టు: పుట్టిన చోటు

ఇంత జరిగాక కూడా అసలు వరుస ముందుంది. ఉద్యోగం ఆధారంగా అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఇందులో భార్యాపిల్లలు కూడా లెక్కే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించకూడదన్నది నియమం. 140 కోట్ల జనమున్న దేశానికీ, నాలుగు లక్షల జనమున్న ఐస్‌లాండుకూ అదే 7 శాతం. మన పిల్లలు ఎక్కువగా చేరే రెండో తరగతికి, అంటే ఈబీ-2కు, ఏడాదికి సుమారు 40,000 కార్డులు. అందులో 7 శాతమంటే సుమారు 2,800. ఇతరులు వాడుకోక మిగిలినవి కలిస్తే కొంత పెరుగుతుంది, అంతే. 2025 చివరి నెలల్లో భారతదేశంలో పుట్టినవారికి రెండో తరగతిలోనూ, మూడో తరగతిలోనూ పిలుపు వస్తున్నది 2013లో దరఖాస్తు పెట్టినవారికి. మా కుర్రవాడి యజమాని 2025లో దరఖాస్తు పెట్టాడు. మధ్యలో ఉన్నవి 12 సంవత్సరాలే కదా అనుకోకూడదు. ఆ సంవత్సరాల్లో నిలబడ్డ మనుషులు ఎందరో, ఏడాదికి కదిలేది ఎందరో చూడాలి.

ఇందులో పౌరసత్వం లెక్కలోకి రాదు, పుట్టిన దేశమే లెక్క. కువైట్‌లో పనిచేసిన తెలుగు దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డ భారత పౌరుడే అయినా, ఈ వరుసలో కువైట్ మనిషి. అతనికి ఎదురుచూపు తక్కువ. అతని తమ్ముడు కడపలో పుడితే అతను ఇండియా వరుసలో వెనక నిలబడాలి. పురుడు ఎక్కడ పోసుకున్నారన్నదాన్ని బట్టి అన్నదమ్ముల జీవితాలు వేరవుతాయి.

దీనికి చరిత్ర ఉంది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారన్నది. 1946లో చట్టం మారి పౌరసత్వానికి అర్హత వచ్చింది, కాని ఏడాదికి 100 మందికే ప్రవేశం. 1965 చట్టం జాతి మూలాల కోటాలను రద్దు చేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతే. అప్పుడు అర్జీదారులు తక్కువ కాబట్టి దేశానికి ఇంత అన్న పరిమితి మనవాళ్లకు అంతగా తగల్లేదు. 1990 చట్టం ఒకవైపు తాత్కాలిక ఉద్యోగ వీసాలకు తలుపు తీసింది, మరోవైపు స్థిరనివాసాలకు 1,40,000 సంఖ్యను, 7 శాతం పరిమితిని పెట్టింది. ఆ తలుపులోంచి సాఫ్ట్‌వేర్ పరిశ్రమ మన పిల్లలను వేల సంఖ్యలో తీసుకుంది. లోపలికి వచ్చే దారి వెడల్పు, నిలిచే దారి ఇరుకు. 2000లో చేసిన చట్టం, వరుసలో ఉన్నవారు ఆరేళ్లు దాటినా హెచ్-1బి పొడిగించుకుంటూ ఉండవచ్చన్నది. దీనితో వరుస తరగలేదు. వరుసలోనే బతకడానికి అనుమతి దొరికింది. కార్మికుడు కావాలి, నివాసి అక్కర్లేదు అన్నదే ఈ ఏర్పాటు సారాంశం.

ఇంటివాళ్లు

ఈ వరుసలో నిలబడ్డవాడితో పాటు ఇంటివాళ్లూ నిలబడతారు. భార్యకు హెచ్-4 హోదా. ఆమె ఎంత చదివినా, భర్త ఐ-140 ఆమోదం పొందేదాకా సాధారణంగా ఉద్యోగం చేయకూడదు. ఆ మాత్రం అనుమతి కూడా 2015లో వచ్చినదే. ఆమె ఉనికి అతని ఉద్యోగంమీద, అతని ఉనికి యజమానిమీద ఆధారపడి ఉంటాయి. ఈ గొలుసు ఎంత బలహీనమైనదో 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతేలో తేలింది. హైదరాబాదు నుంచి వెళ్లి, అమెరికాలోనే మాస్టర్స్ చదివి ఇంజనీరైన కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక జాత్యహంకారి కాల్చి చంపాడు. భర్త పోవడంతో సునయన దుమాల అక్కడ ఉండే హక్కు కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన ఆమె తిరిగి వెళ్లడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడు జోక్యం చేసుకోవలసి వచ్చింది. పత్రికల్లో పడ్డ మరణం కాబట్టి జోక్యం దొరికింది. గుండెపోటుతోనో, కారు ప్రమాదంలోనో పోయినవాడి భార్యకు ఎవరు జోక్యం చేసుకుంటారు?

పిల్లల సంగతి మరీ విచిత్రం. రెండేళ్ల వయసులో తల్లిదండ్రులతో వెళ్లిన పిల్ల అక్కడి బళ్లో చదివి, అక్కడి యాసలో మాట్లాడుతూ పెరుగుతుంది. 21 ఏళ్లు నిండేలోగా తండ్రి వంతు రాకపోతే ఆమె వరుసలోంచి బయటపడుతుంది. చట్టం కొన్ని నెలలు మినహాయించి లెక్క కట్టినా, పదేళ్లకు మించిన ఎదురుచూపును అది పూడ్చలేదు. అక్కడే ఉండాలంటే ఆమెకు ఎక్కువగా దొరికే దారి ఏమిటో తెలుసా? విదేశీ విద్యార్థి కావడం. తనకు గుర్తులేని దేశానికి చదువు అయిపోగానే తిరిగి వెళతానని చెప్పడం. తండ్రి ఇరవై రెండేళ్ల వయసులో హైదరాబాదులో చేసిన ప్రమాణాన్నే కూతురు తాను పెరిగిన ఊళ్లో మళ్లీ చేస్తుంది.

ఒక ఆక్షేపణ

మిత్రులు ఒక ఆక్షేపణ చెబుతారు. వీళ్లంతా లక్షల్లో సంపాదించేవాళ్లు, ఎడారిలో గొర్రెలు కాసే గల్ఫ్ కార్మికుడి పక్కన వీళ్ల బాధ ఒక బాధా? ఈ ఆక్షేపణలో నిజముంది. గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన సిరిసిల్ల, జగిత్యాల కూలీలకు స్థిరనివాసం అన్న ఆశే లేదు. ఈ రెండు వలసలను ఒకే గాటన కట్టడం తప్పు. 1970లలో వెళ్లిన వైద్యుడినీ, ఇప్పుడు అప్పుతో వెళ్లే విద్యార్థినీ ఒకే గాటన కట్టడం కూడా అంతే తప్పు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో బోధన రుసుముల చెల్లింపు పథకం వచ్చాక లైట్లు మోసేవాడి కొడుకు, ఆటో నడిపేవాడి కూతురు ఇంజనీరింగు చదివారు. ఇక్కడ ఆ చదువుకు తగిన ఉద్యోగం దొరకనప్పుడు పై చదువు పేరుతో అప్పుచేసి వెళ్లారు. పొలం ఉన్నవాడు ఓడిపోతే వెనక్కి వస్తాడు. పొలం తనఖాలో ఉన్నవాడు వెనక్కి రాలేడు. వర్గ దృక్పథం అంటే "అమెరికావాళ్లు" అని ఒక మూటగా కట్టడం కాదు, ఆ మూట విప్పి చూడటం.

వాళ్లు వెళ్లడమే ఒప్పు అని నేను వాదించడం లేదు. వలస వెళ్లినవాళ్లలోనూ స్వార్థం ఉంటుంది, తల్లిదండ్రులను మరిచిన పిల్లలుంటారు. అలాంటి కథలు కూడా రావాలి. అయితే రాలేనివాడికీ, రానివాడికీ తేడా తెలిసిన తర్వాతే ఆ కథ రాయాలి.

రచయితలకు

మన కథల్లో అమెరికా చాలాకాలంగా ఒక మనోభావంగా ఉంది. ఆవకాయ, సంక్రాంతి, తెలుగు రాని పిల్లలు, ఫోనుకోసం చూసే తల్లి. స్థిరనివాసం సులభంగా దొరికిన తరానికి అవి నిజమైన సమస్యలే. ఇవాళ వెళ్లిన తరానికి అంతకంటే ముందున్న సమస్య ఒక తేదీ. ఆ తేదీ పెళ్లిని నిర్ణయిస్తుంది, ఉద్యోగం మారడాన్ని నిర్ణయిస్తుంది, తల్లి చితి దగ్గర ఎవరుండాలో నిర్ణయిస్తుంది. పాత్రకు ఏ వీసా ఉందో, ముద్ర ఉందో లేదో, అప్పు ఎంత మిగిలిందో రచయితకు తెలియాలి. ఇవన్నీ కథలో వివరించనక్కర్లేదు. కౌలు లెక్క తెలిసిన రచయిత రాసిన రైతు కథకూ, తెలియనివాడు రాసినదానికీ తేడా పాఠకుడికి ఎలాగూ తెలుస్తుంది.

విమర్శకులుగా మన బాధ్యత కూడా తక్కువ కాదు. కొడుకు డబ్బును తిప్పి పంపిన తండ్రిలో ఆత్మగౌరవాన్ని మేం మెచ్చుకున్నాం. మా వీధి తండ్రి తిప్పి పంపలేదు. ఆ డబ్బుతో వడ్డీ కట్టాడు. ఆ పనిలో ఆత్మగౌరవం లేదని అనగలమా?

ఆ యువ రచయిత కథను వెనక్కి తీసుకున్నాడు. తిరిగి రాస్తానన్నాడు. రాసేముందు ఆ తండ్రి దగ్గర కూర్చోమని చెప్పాను. షూటింగు లేని రోజు చూసి అతను వెళ్లాడు. ఆయన ఇనుప పెట్టెలోంచి కాగితాలన్నీ తీసి చాపమీద పరిచాడట. ఇంటి పన్ను రసీదులు, పాత రేషన్ కార్డు, యూనియన్ కార్డు, బ్యాంకు తనఖా పత్రం, వాటి మధ్య కొడుకు పంపిన ఐ-140 నకలు. "ఇవన్నీ చూసినంక రాయి బిడ్డా" అన్నాడట. ఆ చాపమీద కాగితాలు చదవడం నేర్చుకోవలసినవాళ్లలో నేనూ ఒకణ్ని.